ఆగడం నేర్వని చెయ్యి

ఫోరస్ రోడ్డు మీద మంగేష్ గేమ్ పార్లర్‌లో ప్రథమేశ్ ఆటకు కూర్చుంటే పక్క కుర్చీల వాళ్ళు తమ ఆట మానేసి వాడి చేతులు చూసేవారు. తెర చూసేవారు కాదు, చేతులే చూసేవారు. ఎడమ చేతి వేళ్ళు కీబోర్డు మీద, కుడి చెయ్యి మౌసు మీద, రెండూ ఒక్క క్షణం కుదురుగా ఉండేవి కావు. ఆ టకటక చప్పుడు బయట టాక్సీల హారన్ల మధ్య కూడా వినిపిస్తుందని మంగేష్ గొప్పలు పోయేవాడు. ఒకటికి రెండు కలిపి చెప్పడం మంగేష్‌కి అలవాటే గాని, ఈ విషయంలో మరీ పెద్ద అబద్ధమేమీ ఆడలేదు.

వాడు ఆడేది రాజ్యాల ఆట. చదరంగంలో లాగా నీదొక ఎత్తు, నాదొక ఎత్తు అనే వంతులు ఇందులో ఉండవు. ఇద్దరూ ఒకేసారి ఆడాలి. కూలీలను పంపి కట్టెలు కొట్టించాలి, బంగారం తవ్వించాలి, ఇళ్ళు కట్టించాలి, సైన్యాన్ని పెంచాలి. ఎదుటివాడి ఊరి మీద పడి కూల్చాలి, వాడొచ్చి మన ఊరి మీద పడకుండా కాచుకోవాలి. నువ్వు ఆలోచిస్తూ కూర్చున్నంత మాత్రాన అవతలివాడు కూర్చోడు. అందుకే ఈ ఆటలో చేతి వేగానికి అంత విలువ. నిమిషానికి ఎన్ని పనులు చేశావో ఆట ముగిశాక తెరే లెక్కగట్టి చూపిస్తుంది. మామూలు కుర్రాళ్ళకు అది వంద దాటితే గొప్ప. ప్రథమేశ్‌కి మూడు వందలకు తగ్గేది కాదు. ఆ అంకె చూసుకుని మురిసిపోవడంలోనే వాడి వయసులో మంచి కాలం గడిచిపోయింది. ఆ సంగతి ముందే చెప్పేయడం మేలు.

అంత వేగం వాడికి ఆటలోంచి రాలేదు, పనిలోంచి వచ్చింది. వాడి తండ్రి శివరాం గోడలకు ప్లాస్టరు చేసే మనిషి. తాత, ముత్తాత కూడా ఆ పని మీదే పాలమూరు నుంచి వచ్చి కామాటిపురలో కుదురుకున్నవాళ్ళు. ఊళ్ళో ఎన్ని మేడలు లేచినా ఆ ఇంటివాళ్ళు మాత్రం చాల్‌లో మూడో అంతస్తు ఒంటిగది ఖోలీ దాటి ఎక్కడికీ పోలేదు. శివరాం రోజూ పొద్దున నాలుగు రోడ్లు కలిసే నాకా మీద కూలీలతో కలిసి నిలబడతాడు. ముకద్దం వచ్చి తనకు కావలసిన వాళ్ళను ఏరుకుని పని దగ్గరికి తీసుకుపోతాడు, సాయంత్రం దాకా వాళ్ళ మీద అజమాయిషీ చేస్తాడు. ఆ ముకద్దానికి గోడ నునుపు తెలియదు, సిమెంటు, ఇసుక పాళ్ళు తెలియవు. వాడికి తెలిసిందల్లా ఏ చెయ్యి ఆడుతోంది, ఏ చెయ్యి ఆగింది అన్నదే. ఆగిన చెయ్యి వాడి కంటపడిందా, మర్నాడు నాకా మీద వాడి చూపు ఆ మనిషిని దాటుకుని పక్కవాడి మీదికి పోతుంది. అందుకని కలిపిన సిమెంటు ఇంకా పైకి రాకపోయినా, పట్టించిన పూత ఆరకపోయినా, శివరాం తాపీ ఆడుతూనే ఉంటుంది. ఉత్త గోడను రుద్దుతాడు. ఖాళీ తట్టను గీకుతాడు. చూసేవాడికి ఎంత పనిమంతుడో అనిపిస్తుంది.

పదో తరగతి తప్పాక ప్రథమేశ్ కూడా తండ్రి వెంట రెండేళ్ళు అదే పనికి పోయాడు. మొదటి రోజే శివరాం కొడుక్కి తన విద్యంతా ఒక్క ముక్కలో చెప్పేశాడు.

"పని రాకున్నా ఏం గాదురా. మెల్లమెల్లగ అదే వస్తది. చెయ్యి మాత్రం ఆగనియ్యకు. చూసేటోనికి చెయ్యే కనబడ్తది."

పిల్లవాడు బుద్ధిగా నేర్చుకున్నాడు. కానీ సిమెంటు వాడి ఒంటికి పడలేదు. అరచేతులు బీటలు వారి నెత్తురు కారేవి, అన్నం కలుపుకుంటే మంట. తల్లి గంగాబాయి కొడుకు చేతులకు కొబ్బరినూనె రాస్తూ మొగుణ్ణి రోజూ సాధించేది. ఆ పోరు పడలేక శివరాం మంగేష్ దగ్గరికి వెళ్ళి బతిమాలాడు. అట్లా ప్రథమేశ్ పార్లర్‌లో చేరాడు. మిషన్లు తుడవడం, వచ్చినవాళ్ళను కూర్చోబెట్టడం, గొడవలొస్తే సర్దడం వాడి పని. గిరాకీ లేనప్పుడు ఆడుకోవచ్చు. ఆడుకున్నాడు. ఏళ్ళ తరబడి ఆడుకున్నాడు.

చేతులకు సిమెంటు వదిలింది గాని ముకద్దం వదల్లేదు. ఆట మొదలైన తొలి నిమిషాల్లో నిజానికి చేయడానికి పెద్ద పనేమీ ఉండదు. కూలీలను పురమాయించి, వాళ్ళు కట్టెలు తెచ్చేదాకా ఆగాలి. ప్రథమేశ్ ఆగేవాడు కాదు. పోతున్న కూలీనే మళ్ళీ పొమ్మనేవాడు, ఉత్త నేల మీద మౌసు నొక్కేవాడు, ఉన్న ఇంటినే పదిసార్లు ఎంచుకునేవాడు. ఉత్త గోడ మీద తాపీ రుద్దడం లాంటిదే ఇదీ. కాకపోతే ముకద్దం చూసి ఊరుకునేవాడు, ఈ తెర దానికో అంకె వేసి మెచ్చుకునేది. అది వేగం కాదు, భయం. ఆ మాట వాడికి చెప్పేవాళ్ళు ఎవరూ లేకపోయారు.

చెప్పినవాడు నవీన్. అంధేరీలో రాజ్యాల ఆట ఆడే ఒక జట్టు ఉంది, దానికతను కోచ్. హైదరాబాదు మనిషి. ఆ జట్టులోకి తీసుకుంటే ఉండడానికి చోటు, నేర్పేవాళ్ళు, నెలనెలా జీతం, పోటీలకు దేశదేశాలు తిప్పడం. మంగేష్ ఫోనులో ఆ జట్టు ప్రకటన చూపించగానే ప్రథమేశ్ ఒళ్ళు ఝల్లుమంది. అప్పటికే శివరాం కుడి భుజం పడిపోయి, చెయ్యి తలపైకి లేవడం లేదు. ఎడమ చేత్తో కుడి మోచేతిని ఎత్తిపట్టి తాపీ ఆడిస్తున్నాడు. తను జట్టులో చేరితే తండ్రి ఆ తాపీని మూల పడేయవచ్చు. వాడు కోరుకున్నదల్లా అదే. అంతకంటే పెద్ద కోరిక వాడికి లేదు.

అంధేరీ వెళ్ళి ఎంపికలో కూర్చున్నాడు. ఎదురుగా ఒక బక్క పిల్లవాడు, చేతులు కదిలీ కదలనట్టు ఆడాడు. వాడి చేతిలో ప్రథమేశ్ చిత్తుగా ఓడిపోయాడు. అంకె చూస్తే వీడిదే పైచెయ్యి, ఓడింది వీడే. నవీన్ పక్కకు పిలిచి, కుర్చీ వేసి, ఆ ఆటనే మళ్ళీ తెర మీద నెమ్మదిగా నడిపించి చూపించాడు. ఇదిగో ఇక్కడ నొక్కావు, దీనివల్ల ఏమైంది, ఏమీ కాలేదు. ఇక్కడ, ఏమీ కాలేదు. ఇక్కడ కూడా. అట్లా చూస్తూ పోతే నాలుగింట మూడు వంతులు ఖాళీ నొక్కుళ్ళే. పైగా అసలు యుద్ధం ముదిరిన చోట, నిజంగా చెయ్యి ఆడాల్సిన చోట, వాడి మణికట్టు అలిసిపోయి మొద్దుబారింది.

"నీది వేగం కాదు ప్రథమేశ్, కంగారు," అన్నాడు నవీన్. "ఎవరో వెనకనుంచి తరుముతున్నట్టు ఆడుతున్నావు. ఎవరు తరుముతున్నారు నిన్ను?"

నవీన్ మంచివాడు, అంతటితో వదిలేయలేదు. ఇప్పుడు తీసుకోలేనని చెప్పాడు. వానలు వెనకబట్టాక ఇంకొక ఎంపిక ఉందని, వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది కనుక అదే ఆఖరి అవకాశమని కూడా చెప్పాడు. అప్పటిదాకా ఫోనులో తనే నేర్పుతానన్నాడు. ఇంటికొచ్చేటప్పుడు రైల్లో ప్రథమేశ్ తన చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నాడు. ఇన్నాళ్ళూ ఊరంతా మెచ్చిన చేతులు ఎవరివో పరాయి చేతుల్లా కనిపించాయి.

ఆ వానాకాలమంతా వాడు వేగం తగ్గించుకోవడం నేర్చుకున్నాడు. నవీన్ మొదట చెప్పింది, తెర మీద ఆ అంకెకు ఒక కాగితం ముక్క అంటించి కప్పేయమని. తర్వాత, ప్రతి నొక్కుకీ ముందు ఎందుకు అని తనను తను అడగమన్నాడు. జవాబు లేకపోతే నొక్కకూడదు. కళ్ళు ఒక వరసలో తిరగాలి. కూలీలు, ఇళ్ళు, సైన్యం, పటం, మళ్ళీ కూలీలు. రాత్రి గస్తీ తిరిగేవాడు ఏ సందూ వదలకుండా తిరిగినట్టు. సైన్యాన్ని దండులుగా విడగొట్టి ఒక్కో దండును కీబోర్డు మీద ఒక్కో అంకె మీట కింద పెట్టుకుంటే, వెతుక్కునే పని తప్పుతుంది, వేలు తాకగానే దండు చేతికొస్తుంది. చేయాల్సిందంతా చేశాక ఇంకేమీ లేకపోతే చేతులు తీసి ఒళ్ళో పెట్టుకోవాలి. అన్నిటికన్నా అదే కష్టమైంది.

చేతులు ఒళ్ళో పెట్టుకుంటే వాడికి వీపు జలదరించేది. ఎవరో వచ్చి వెనక నిలబడ్డట్టే ఉండేది. తెలియకుండానే చెయ్యి లేచి మౌసు మీదికి పోయేది. కొన్నాళ్ళు అరచేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. అంకె పడిపోయింది, ఆట కూడా పడిపోయింది. పార్లర్‌కి బడి ఎగ్గొట్టి వచ్చే పిల్లకాయల చేతుల్లో ఓడిపోయాడు. వాళ్ళు మరాఠీలో వాడి మీద పాటలు కట్టారు. నీ చేతికి దిష్టి తగిలిందిరా, మిరపకాయలు తిప్పించుకో, అన్నాడు మంగేష్. ప్రథమేశ్ నవ్వేసి ఊరుకున్నాడు గాని, ఇంటికి పోయి పైన అటకలాంటి పోట్‌మాళా మీద ముసుగు పెట్టి ఏడ్చిన రోజులున్నాయి.

తర్వాత ఒకరోజు, ఏ రోజని వాడు కూడా చెప్పలేడు, వరస దానంతటదే నడవడం మొదలుపెట్టింది. తర్వాత ఏం చేయాలో ముందే తెలిసి ఉంటే వేలు తడుముకోదు. తడుముకోని వేలే వేగం. అంతే సంగతి. ఇంత చిన్న ముక్క తెలియడానికి ఇన్నేళ్ళు పట్టిందని వాడికి సిగ్గూ వేసింది, సంతోషమూ వేసింది. కాగితం తీసి చూస్తే అంకె మళ్ళీ పెరిగింది. మునుపంత లేదు గాని ఈసారి అందులో ఖాళీ లేదు. ఆగాల్సిన చోట చెయ్యి ఆగుతోంది. ఆగిన చెయ్యి తర్వాత కదిలినప్పుడు కత్తిలా కదులుతోంది. అన్నం కూడా నిదానంగా నమిలి తింటున్నాడని గంగాబాయి గమనించి, జ్వరమేమోనని నుదురు పట్టి చూసింది.

ఆ కొద్ది వారాలే వాడి బతుకులో నిజంగా సుఖపడిన రోజులని నా లెక్క.

అప్పుడే ఒక సాయంత్రం శివరాం పనినుంచి వస్తూ దారిలో పార్లర్‌లోకి తొంగిచూశాడు. తెర మీద ఆట నడుస్తోంది. కొడుకు చేతులు ఒళ్ళో ఉన్నాయి. ఎంపిక దగ్గరికొచ్చాక పిల్లవాడికి సోమరితనం పట్టిందని ఇంటికొచ్చి గంగాబాయితో చెప్పుకుని బాధపడ్డాడు. రాత్రి అన్నాల దగ్గర, పాత పాఠమే మళ్ళీ చెప్పాడు. ప్రథమేశ్ ఓపిగ్గా వివరించాడు. ఆ ఆటలో ఇప్పుడు ఆగడం కూడా పనేనని, ఊరికే ఆడే చెయ్యిని వాళ్ళు మెచ్చరని చెప్పాడు. శివరాం అంతా విని తల ఊపాడు. తెలియని మందు డాక్టరు రాసిస్తే కూడా అట్లాగే తల ఊపుతాడు. అది ఒప్పుకోలు కాదని ప్రథమేశ్ కనిపెట్టలేదు. కనిపెట్టి ఉంటే ఇంకో నాలుగు మాటలు చెప్పేవాడేమో, కాళ్ళమీద పడైనా చెప్పేవాడేమో.

ఆఖరి ఎంపికను ఇంటినుంచే ఆడమన్నారు. వేరే ఎవరూ కలగజేసుకోకుండా ఉండాలని ఒక షరతు పెట్టారు. ఆడేవాడి చేతులు కనిపించేలా ఫోను నిలబెట్టి, ఆట సాగినంతసేపూ ఆన్‌లో ఉంచాలి, అవతల కోచ్ చూస్తుంటాడు. పార్లర్‌లో జనం కూడతారని మంగేష్ ఒక మిషను విప్పి, తనే మోసుకొచ్చి చాల్ మూడో అంతస్తు ఎక్కించాడు. గంగాబాయి చాప, బిందెలు అన్నీ గ్యాలరీలోకి సర్దింది. పక్క ఖోలీల వాళ్ళను నీళ్ళకు కొట్లాడుకోవద్దని, టీవీలు తగ్గించమని బతిమాలింది. తనూ బయటే కూర్చుంది. శివరాం పొద్దునే నాకాకు పోయాడు. సాయంత్రం దాకా రాడనే అందరూ అనుకున్నారు.

మధ్యాహ్నం ఆట మొదలైంది. స్టాండు మీద నిలబెట్టిన ఫోనులో నవీన్ ముఖం, దాని చూపంతా ప్రథమేశ్ చేతుల మీదే. ప్రథమేశ్ మంచి ఆట ఆడాడు. అవతలివాడు గట్టివాడు, ఎక్కడా సందు ఇవ్వలేదు. ఇద్దరి సైన్యాలూ సమానంగా పెరిగాయి. పటం మధ్యలో ఒక ఏరు, దాన్ని దాటడానికి ఒక్కటే రేవు, రేవు పక్కన అడవి. ప్రథమేశ్ తన సైన్యం మొత్తాన్ని ఆ అడవిలో దాచాడు. అవతలివాడు రేవు దాటకుండా వీడి ఊరికి రాలేడు. దిగి సగం ఏట్లో ఉన్నప్పుడు పక్కనుంచి పడితే వాడి పని అయిపోతుంది. అందాక ఒక్కడు కూడా అడవి దాటి బయట కనిపించకూడదు. ఊళ్ళో పనులన్నీ పురమాయించేశాడు, సైన్యం మొత్తాన్నీ ఒక్క మీట కింద పట్టుకున్నాడు. ఇంకేమీ మిగల్లేదు. చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. వీపు జలదరించలేదు. అవతలి సైన్యం పటం అంచున చుక్కలు చుక్కలుగా వస్తూ కనిపించింది. చేతులు చల్లగా, నిమ్మళంగా ఉన్నాయి. గెలుస్తున్నానని వాడికి తెలిసిపోయింది.

అదే సమయానికి శివరాం వచ్చాడు. ఇసుక లారీ రాలేదని ముకద్దం అందర్నీ మధ్యాహ్నమే పంపేశాడు. గంగాబాయి నీళ్ళ కోసం కిందికి దిగినట్టుంది, గుమ్మం దగ్గర ఎవరూ లేరు. చెప్పులు విడిచి, పిల్లి అడుగులు వేస్తూ లోపలికి వచ్చి కొడుకు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తెర మీద ఏముందో అతనికి తెలియదు. అడవి తెలియదు, రేవు తెలియదు. ఫోనులో ఎవరో పెద్ద సాబు ముఖం కనిపించింది. ఆ సాబు కళ్ళార్పకుండా కొడుకు చేతుల్నే చూస్తున్నాడు. ఆ చేతులు ఖాళీగా ఒళ్ళో ఉన్నాయి.

శివరాం దగ్గాడు.

పని దగ్గర ముకద్దం మెట్లెక్కి వస్తుంటే మొదట చూసినవాడు దగ్గుతాడు. పేరు పెట్టి పిలవడం, చెయ్యి ఊపడం ఉండవు, పిలిచినవాడు కూడా దొరికిపోతాడు. ఒక్క దగ్గు, గొంతు సవరించుకున్నంత చిన్నది. అంతే, ఆ అంతస్తులో చేతులన్నీ ఒక్కసారి లేస్తాయి. బీడీలు ఆరిపోతాయి, తాపీలు గోడలెక్కుతాయి. ఆ దగ్గు ఎందరి కూలినో నిలబెట్టింది. కూలికి పోయిన రెండేళ్ళలో ప్రథమేశ్‌ని కూడా తండ్రి దగ్గు చాలాసార్లు కాపాడింది. మనిషి మీద మనిషికి ఎంత ప్రేమ ఉంటుందో అంతా ఆ దగ్గులో ఉంటుంది. శివరాం కూడా కొడుకును కాపాడదామనే దగ్గాడు.

ప్రథమేశ్ తల తిప్పలేదు, ఆలోచించలేదు, ఆ వ్యవధే లేదు. దగ్గు చెవిన పడిన మరుక్షణం వాడి రెండు చేతులూ లేచి మిషను మీద పడ్డాయి. కుడి చెయ్యి నొక్కింది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ నొక్కింది. మీట కింద ఉన్న సైన్యం అంతా అడవిలోంచి బయటికి వచ్చి, ఏటి ఒడ్డున బట్టబయలు నిలబడింది. రేవులో కాలు పెట్టబోతున్న శత్రువు ఆగిపోయాడు. దూరంనుంచే బాణాలు మొదలుపెట్టాడు. ప్రథమేశ్ వెనక్కి లాగబోయాడు గాని చెయ్యి మాట వినలేదు. పాత చెయ్యి వచ్చేసింది, టకటకమని ఉత్త నేలనే నొక్కుతోంది. ఇన్ని నెలలుగా నేర్చిందంతా ఎక్కడికి పోయిందో పోయింది. వెనక గోడకు ఆనుకుని శివరాం ఆ చేతుల వేగం చూసి తృప్తిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఆట కాసేపటికే ముగిసింది.

ఫోనులో నవీన్ ఆ ఆఖరి ఘట్టాన్ని మళ్ళీ ఒకసారి నడిపించి చూసుకున్నాడు. తర్వాత అడిగాడు.

"ఎందుకు కదిలావు ప్రథమేశ్? నువ్వు ఆగుతావా లేదా, అది చూడ్డానికే అవతలివాణ్ణి ఆలస్యంగా దిగమన్నాను. ఇంకొంచెం ఆగుంటే నిన్ను తీసుకునేవాళ్ళం."

తండ్రి అక్కడే ఉన్నాడు, ఫోనుకు కనపడకుండా, రెండడుగుల దూరంలో. సాబు మందలిస్తున్నాడని తెలుస్తోంది, ఎందుకో తెలియడం లేదు, ముఖంలో ఆత్రం. ప్రథమేశ్ ఒక్క మాట చెబితే చాలు. మా నాయన దగ్గాడు సార్, అంటే చాలు. నవీన్ మంచివాడు, ఇంకొక ఆట ఇచ్చేవాడేమో. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"నాదే తప్పు సార్," అన్నాడు.

నవీన్ బాగా ఆడావన్నాడు, బాధగా ఉందన్నాడు, ఇక చేయగలిగింది లేదన్నాడు. ఫోను ఆగిపోయింది. శివరాం వెంటనే ముందుకొచ్చి కొడుకు భుజం తట్టాడు. సరిగ్గా సమయానికి చూశాను, లేకపోతే నువ్వు ఖాళీగా దొరికిపోయేవాడివని చెప్పాడు. నీళ్ళ బిందెతో వచ్చిన గంగాబాయితోనూ అదే చెప్పాడు. సాయంత్రం గ్యాలరీలో నిలబడి పక్క ఖోలీల వాళ్ళకూ చెప్పాడు. ఆ రోజు ప్రథమేశ్‌కి తండ్రి మీద పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు. ఆ చెంపలు వాయించాలనిపించింది. అట్లా అనిపించినందుకు తన మీద తనకు అంతకంటే అసహ్యం వేసింది. అన్నం సయించలేదు. అమ్మ అడిగితే తల నొప్పి అన్నాడు.

ఎంపికైన వాళ్ళ పేర్లు వచ్చాయి, వాడి పేరు లేదు. తర్వాత వాడు మిషను ముందు కూర్చోలేకపోయాడు. కూర్చుంటే మౌసు మీద చెయ్యి దానంతటదే ఆడేది, ఆపితే ఆ దగ్గు వినిపించేది. పార్లర్‌కి పోవడం మానేశాడు. మంగేష్ రెండుసార్లు పిలిచి, మూడోసారి వేరేవాణ్ణి పెట్టుకున్నాడు. కొడుకు పోట్‌మాళా మీద గోడవైపు తిరిగి పడుకుని ఉండడం చూడలేక శివరాం ఒక పొద్దున నాకాకు రమ్మన్నాడు. ఎట్లాగూ తన భుజం పూర్తిగా పోయింది, పక్కన ఒక చెయ్యి ఉంటే బాగుంటుందన్నాడు. ప్రథమేశ్ లేచి పోయాడు. అరచేతులకు రబ్బరు తొడుగులు వేసుకున్నా వారం తిరక్కుండా బీటలు వారాయి. ముకద్దానికి మాత్రం వాడు భలే నచ్చాడు. ఈ పిల్లవాడి చెయ్యి ఆగదని అందరి ముందూ మెచ్చుకున్నాడు.

ఆ మెచ్చుకోలు విన్న రోజు మధ్యాహ్నం తండ్రీకొడుకులిద్దరూ ప్లాస్టరు పచ్చి ఆరని గోడ కింద కూర్చుని డబ్బాలు విప్పారు. శివరాం రొట్టె తుంచుకుని నోట్లో పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకున్నాడు. చాలా రోజులనుంచి అడగాలనుకుంటున్న మాట అడిగాడు.

"అప్పుడు ఆ సాబు నిన్నెందుకు తీసుకోలే? చెయ్యి ఆగిందనే గదా?"

ప్రథమేశ్ అరచేతి బీటల్లో ఇరుక్కున్న సిమెంటు గీక్కున్నాడు.

"నాకెరికే," అన్నాడు శివరాం. "తప్పు నాదేరా. నేను దేర్ జేసి వచ్చిన. నేను రాకముందే వాడు చూసేసిండు. మొదటి సంది నీ యెనక ఉంటే నీ చెయ్యి ఆగకపోవు." కుడి చెయ్యి లేవదు కాబట్టి ఎడమ చెయ్యి చాచి కొడుకు మోకాలి మీద పెట్టాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మల్లొకసారి ఉంటది గదా. అప్పుడు నేను నాకాకే పోను. పొద్దుగాల సంది నీ యెనకనే నిలబడ్త. ఉంటది గదరా?"

వయసు దాటిపోయిందని, ఇక ఎప్పటికీ ఉండదని తండ్రికి చెప్పలేదు ప్రథమేశ్. రొట్టె తినమని డబ్బా అతని ముందుకు జరిపాడు.

"ఉంటది నాయినా," అన్నాడు.